గవర్నమెంటు ఒకటా, రెండా?

కాశీబుగ్గలో జీడిపిక్కలు కొట్టే ఒక పెద్దావిడ అడిగిన ప్రశ్న ఇది. ఆవిడ పుట్టిల్లు సోంపేట వైపు. పెళ్లయి ఇటు వచ్చినా బీల గొడవ రోజులు ఆవిడకు నిన్నటిలా గుర్తున్నాయి. "బాబూ, ఆ దినం తుపాకులు పేల్చినోలు గవర్నమెంటోలే. అదే దినం ఢిల్లీల కంపెనీ పర్మిషను కొట్టేసినోలూ గవర్నమెంటోలే అన్నారు. మరి గవర్నమెంటు ఒకటా, రెండా?"

నేను బడిలో సాంఘికశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. శాసన శాఖ, కార్యనిర్వాహక శాఖ, న్యాయ శాఖ అంటూ నల్లబల్ల మీద మూడు గళ్లు గీసి, మధ్యలో బాణాలు వేసి, పిల్లల చేత నోటు పుస్తకాల్లోకి ఎక్కించాను. ఆ బొమ్మ ఆవిడ ముందు గీస్తే లాభం లేదని మాత్రం వెంటనే తెలిసింది. ఆవిడ చూసింది బాణాల్ని కాదు, తూటాల్ని. అందుకని ఆ రోజు నుంచే మొదలుపెట్టాలి.

2010 జూలై 14. సోంపేట మండలంలో సముద్రానికి దగ్గరగా ఉన్న చిత్తడి నేల బీల. వానాకాలం నీళ్లు నిలిచి, ఎండాకాలం దాకా తేమ వదలని ఆ నేల మీద చుట్టుపక్కల ఊళ్ల రైతులు, జాలరులు, గొడ్లు కాసుకునేవాళ్లు ఆధారపడి బతుకుతారు. అక్కడ 2,640 మెగావాట్ల బొగ్గు విద్యుత్తు కేంద్రం కట్టడానికి నాగార్జున కన్‌స్ట్రక్షన్ కంపెనీ ముందుకొచ్చింది. ఆ ఉదయం పోలీసు బందోబస్తుతో పనులు మొదలుపెట్టబోతే వేలమంది జనం అడ్డం తిరిగారు. పోలీసులు కాల్పులు జరిపారు. ఇద్దరు చనిపోయారు. సరిగ్గా అదే రోజు ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పీలు అథారిటీ ఆ కేంద్రానికి ఇచ్చిన పర్యావరణ అనుమతిని రద్దు చేసింది.

ఒకే తేదీ. ఇక్కడ తుపాకీ, అక్కడ కాగితం. ఆ రెండూ ఎదురెదురుగా నిలబడ్డాయి. ఆవిడ ప్రశ్నలో ఉన్న ముడి అదే.

మరి ఆ రోజు ఎవరి చేతిలో ఏముంది?

భూమి సంగతి ముందు చూద్దాం. బీలలో 972 ఎకరాలు కంపెనీకి కేటాయిస్తూ 2008 సెప్టెంబరులో రాష్ట్ర ప్రభుత్వం జీవో 1107 ఇచ్చింది. ఇది రెవెన్యూ శాఖ పని. అంటే మంత్రివర్గం, దాని కింద సెక్రటేరియట్, కలెక్టరు, ఆర్డీవో, తహసీల్దారు. పుస్తకాల్లో కార్యనిర్వాహక శాఖ అని రాసేది ఈ వరసనే. జనం నోట గవర్నమెంటంటే ఇదే. పోలీసులూ ఈ వరసలోవాళ్లే.

భూమి చేతికొచ్చినంత మాత్రాన పొయ్యి వెలిగించడానికి వీల్లేదు. 1986లో పార్లమెంటు పర్యావరణ పరిరక్షణ చట్టం చేసింది. దాని కింద 2006లో వచ్చిన నోటిఫికేషను ప్రకారం ఇంత పెద్ద కేంద్రం పెట్టాలంటే ముందు ఊరి జనాన్ని కూర్చోబెట్టి బహిరంగంగా వాళ్ల మాట వినాలి, తరవాత కేంద్ర పర్యావరణ శాఖ నిపుణుల చేత పరిశీలింపజేసి అనుమతి ఇవ్వాలి. సోంపేటలో ఆ విచారణ 2009 ఆగస్టులో జరిగింది. జనం వద్దన్నారు. డిసెంబరులో అనుమతి వచ్చింది. ఇదీ కార్యనిర్వాహక శాఖే, కాకపోతే ఢిల్లీది.

ఇక్కడితో దారి మూసుకుపోతే ఆవిడ ప్రశ్నే పుట్టేది కాదు. 1997లో పార్లమెంటు ఇంకో చట్టం చేసింది: ఇలాంటి అనుమతి వల్ల నష్టపోయేవాడు దాని మీద అప్పీలు చేసుకోవచ్చు, ఆ అప్పీలు వినడానికి వేరే ఒక అథారిటీ ఉండాలి. అనుమతి ఇచ్చిన చెయ్యే దాని మంచిచెడ్డలు తేల్చకూడదన్నది అక్కడి ఆలోచన. బీల జనం పర్యావరణ పరిరక్షణ సంఘంగా ఏర్పడి నిరాహార దీక్షల శిబిరం నడుపుతూనే ఆ తలుపూ తట్టారు. కేంద్రంలో కార్యదర్శిగా చేసి రిటైరైన ఈఏఎస్ శర్మ లాంటివాళ్లు కాగితం పనిలో అండగా నిలిచారు. అది చిత్తడి నేల అన్న సంగతిని సరిగ్గా చూడకుండా అనుమతి ఇచ్చారన్నది వాళ్ల వాదన. అథారిటీ ఆ వాదనతో ఏకీభవించింది.

కనుక ఆ రోజు తుపాకీ పట్టింది ఒక చెయ్యి. కాగితం కొట్టేసింది ఇంకో చెయ్యి. ఆ రెండో చెయ్యి ఉండాలని పదమూడేళ్ల ముందే చట్టం రాసిపెట్టింది మూడో చెయ్యి. పేరు ఒకటే, గవర్నమెంటు. చేతులు మాత్రం వేరువేరు, వేరుగా ఉండాలనే వాటిని వేరు చేశారు.

"ఎందుకలగ? ఒక్క పెద్దమనిషి చేతిల పెడితే పని బేగి అవుతాది గదా?"

ఆవిడ అడిగిన రెండో మాట ఇది. ఈ మాట మనలో చాలామంది మనసులో ఉంటుంది, పైకి అనరంతే. జవాబుకు దూరం పోనక్కరలేదు. పలాసలో రైతు 80 కేజీల జీడిపిక్కల బస్తా దింపాడనుకోండి. కాటా వేసేది వ్యాపారి. పిక్క నాణ్యం చూసేది వ్యాపారి. ధర చెప్పేది వ్యాపారి. తూకంలో తేడా వచ్చిందని రైతు అంటే ఆ తగువు తీర్చేదీ అదే వ్యాపారి అయితే? ఆ మనిషి ఎంత మంచివాడన్నది కాదు ఇక్కడి సంగతి. మంచివాడే కావచ్చు. కానీ రైతుకు ఇంకెక్కడికి పోవాలో తెలీదు. తన కాటా తానే వేసుకుని, తన తప్పుకు తానే తీర్పు చెప్పుకునేవాడి దగ్గర న్యాయం దొరికినా అది వాడి దయ అవుతుంది, మన హక్కు అవదు. ఆవిడ చప్పున తలూపింది. రోజంతా కొట్టిన పప్పు సాయంత్రం తూకానికి పెట్టే మనిషికి ఇది వివరించి చెప్పాలా!

ఫ్రాన్సులో మాంటెస్క్యూ అనే ఆయన 1748లో అచ్చేసిన పుస్తకంలో ఈ సంగతే రాశాడు. చట్టం చేసేవాడు, అమలు చేసేవాడు, తీర్పు చెప్పేవాడు ఒకడే అయితే జనానికి స్వేచ్ఛ మిగలదని ఆయన వాదం. అమెరికావాళ్లు తమ రాజ్యాంగాన్ని ఆ పునాది మీదే కట్టుకున్నారు. కానీ మందస వాళ్లకు ఇది ఏ పుస్తకమూ చెప్పక్కరలేకపోయింది.

మందస జమీందారీ రోజులు. భూమి జమీందారుది, అడవి జమీందారుది, శిస్తు ఆయనకే. అడవిలో కట్టె కొడితే నేరం. నేరమని చెప్పేది ఆయన మనుషులు, పట్టుకోవడానికి వచ్చేది సర్కారు పోలీసులు. వాళ్ల మీద ఫిర్యాదు చేయాలంటే జిల్లా కలెక్టరు దగ్గరికి పోవాలి. ఆ కలెక్టరే జిల్లా మేజిస్ట్రేటు, శిస్తు వసూలుకు పెద్ద, పోలీసులకూ పెద్ద, కింది మేజిస్ట్రేటులకూ పెద్ద. 1940 మార్చిలో పలాసలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ జరిగింది. ఊళ్లలో రైతులకు ధైర్యం వచ్చింది. జమీందారు అడవిలో కట్టె కొట్టిన రైతుల్ని పట్టుకుపోవడానికి పోలీసులు గుడారి రాజమణిపురం వస్తే, గర్భిణిగా ఉన్న గున్నమ్మ వాళ్లకు అడ్డంగా నిలబడింది. ఏప్రిల్ 1న జరిగిన కాల్పుల్లో ఆమె చనిపోయింది. మరికొందరు రైతులూ ప్రాణాలు వదిలారు. వీర గున్నమ్మ అని ఉద్దానం ఇప్పటికీ తలుచుకుంటుంది. ఆనాడు ఆమె వాళ్లకు వెళ్లి తట్టడానికి రెండో తలుపు లేదు. ఎటు తిరిగినా అదే గోడ.

రాజ్యాంగం రాసినవాళ్లకు ఆ గోడ తెలుసు. అందుకే 50వ అధికరణలో న్యాయ శాఖను కార్యనిర్వాహక శాఖ నుంచి వేరు చేయమని రాజ్యానికి చెప్పారు. చెప్పగానే అయిపోలేదు. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడు 1974 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చాకే దేశమంతటా మేజిస్ట్రేటులు రెండు రకాలుగా విడిపోయారు. ఒకరు హైకోర్టు కింద పనిచేసే జ్యుడీషియల్ మేజిస్ట్రేటు. ఇంకొకరు తహసీల్దారు, ఆర్డీవో, కలెక్టరు రూపంలో ఉండే ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు. టెక్కలి ఆర్డీవో గానీ, 2022లో కొత్తగా ఏర్పడ్డ పలాస డివిజన్ ఆర్డీవో గానీ నలుగురు గుమిగూడవద్దని ఉత్తర్వు ఇవ్వగలరు. కానీ ఆ ఉత్తర్వు మీరారని పట్టుకున్న మనిషిని జైల్లో ఉంచాలా వదలాలా అన్నది వాళ్లు తేల్చరు. 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి, ప్రయాణానికి పట్టిన సమయం వేరు. 22వ అధికరణ మాట ఇది. పట్టుకున్నవాడు వేరు, ఉంచాలా వద్దా అని చెప్పేవాడు వేరు. గున్నమ్మ నాటికీ నేటికీ ఉన్న తేడాల్లో నా లెక్కకు ఇదే పెద్దది. ఇరవైనాలుగు గంటలన్నది చిన్నమాటలా కనిపిస్తుంది గానీ, లాకప్పులో ఉన్న కొడుకు కోసం స్టేషను బయట అరుగు మీద కూర్చున్న తల్లిని అడిగితే దాని విలువ చెబుతుంది.

ఇక చట్టం చేసేవాళ్లు, పాలించేవాళ్లు. ఇక్కడ మన పద్ధతి అమెరికా పద్ధతి కాదు. అక్కడ అధ్యక్షుణ్ణి వేరే ఎన్నుకుంటారు, ఆయన మంత్రులు చట్టసభలో కూర్చోరు. మన దగ్గర ముఖ్యమంత్రి, మంత్రులు సభలోంచే వస్తారు. వాళ్లు సభకు జవాబుదారులు, సభ నమ్మకం పోతే గద్దె దిగాలి. అంటే ఇక్కడ గీత గీసి వేరు చేయలేదు, పలుపు వేసి కట్టారు. పలుపు ఒక కొస సభ చేతిలో ఉంటుంది.

ఆ పలుపు లాగితే ఏమవుతుందో ఉద్దానం మనిషి ఒకాయన చూపించాడు. బారువలో పుట్టిన గౌతు లచ్చన్న. ఆంధ్ర రాష్ట్రం 1953 అక్టోబరు 1న ఏర్పడితే టంగుటూరి ప్రకాశం మొదటి ముఖ్యమంత్రి అయ్యారు. మద్య నిషేధం వల్ల పొట్ట కొట్టుకుపోయిన కల్లుగీత కార్మికుల తరఫున లచ్చన్న, ఆయన కృషికార్ లోక్ పార్టీ పోరాటం చేశారు. గోల చివరికి సభలోకి వచ్చింది. 1954 నవంబరులో అవిశ్వాస తీర్మానం మీద ఒకే ఒక్క ఓటు తేడాతో ప్రకాశం ప్రభుత్వం పడిపోయింది. ఆంధ్రకేసరి అంతటివాడు, తుపాకీకి రొమ్ము చూపినవాడు, ఒక్క ఓటుకు తల వంచి కుర్చీ దిగాడు. నిషేధం మంచిదా చెడ్డదా అన్న తగువు పక్కన పెట్టండి. ఒక తాటిచెట్టు కింద మొదలైన గోడు కర్నూలు అసెంబ్లీ దాకా నడిచి ప్రభుత్వాన్ని ప్రశ్నించగలిగింది. నాకు ముచ్చట గొలిపేది అది.

ఇప్పుడు అలా జరుగుతుందా? చాలా కష్టం. 1985లో వచ్చిన 52వ రాజ్యాంగ సవరణ ప్రకారం పార్టీ విప్పును ధిక్కరించి ఓటు వేసిన ఎమ్మెల్యే సభ్యత్వం పోగొట్టుకుంటాడు. సంతలో గొడ్లలా ఎమ్మెల్యేలు చేతులు మారుతున్న రోజుల్లో అది అవసరమే అయింది. కానీ దాంతో పలుపు కొస కూడా సభ చేతిలోంచి జారి పార్టీ నాయకుడి చేతికి పోయింది. సర్కారును నిలదీయాల్సిన అధికార పక్ష సభ్యుడు తన ఊరి సంగతి మీద కూడా సర్కారుకు వ్యతిరేకంగా చెయ్యెత్తలేడు. ఒక రోగానికి వేసిన మందు ఇంకో అవయవాన్ని బలహీనం చేసిందని నా అభిప్రాయం. కనీసం బడ్జెటు, అవిశ్వాసం మినహా మిగతా వాటిలో ఎమ్మెల్యేకు తన మనస్సాక్షి ప్రకారం ఓటేసే వీలుండాలని నేను గట్టిగా కోరుకుంటాను. ఇచ్ఛాపురం, పలాస, టెక్కలి నుంచి వెళ్లినవాళ్లు ముందు ఇచ్ఛాపురం, పలాస, టెక్కలి మనుషులు కావాలి.

సభ నమ్మకం ఎవరికుందో లెక్కపెట్టేదెవరన్నది ఇంకో పేచీ. 1984 ఆగస్టు 16న గవర్నరు రామ్‌లాల్ ఎన్టీఆర్ ప్రభుత్వాన్ని దించేసి నాదెండ్ల భాస్కరరావును ముఖ్యమంత్రి చేశారు. ఎన్టీఆర్ తన ఎమ్మెల్యేలను ఢిల్లీ తీసుకుపోయి రాష్ట్రపతి ముందు నిలబెట్టారు. రాష్ట్రమంతా రోడ్డెక్కింది. సరిగ్గా నెలకు, సెప్టెంబరు 16న, ఆయన తిరిగి కుర్చీలో కూర్చున్నారు. ఆ గాయం గుర్తుండగానే 1994 మార్చిలో సుప్రీంకోర్టు బొమ్మై కేసులో తేల్చేసింది: మెజారిటీని లెక్కపెట్టాల్సింది రాజ్‌భవన్‌లో కాదు, సభలో.

"మరి డబ్బులు?" అందావిడ. సరైన చోట పట్టుకుంది.

ఉద్దానంలో డబ్బు మాట వస్తే కిడ్నీ మాట వస్తుంది. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, ఏ మండలంలో ఏ ఊరికి పోయినా డయాలసిస్‌కు తిరిగే మనిషి ఒకరైనా ఎదురవుతారు. ఆ జబ్బు ఎందుకొస్తోందో తేల్చడానికి దేశదేశాల డాక్టర్లు వచ్చి వెళ్లారు. పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరు 14న ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నుంచి వంశధార నీళ్లను ఉద్దానానికి పైపుల్లో తేవడానికి దాదాపు రూ.700 కోట్ల పథకం వచ్చింది. ముఖ్యమంత్రి మాటిస్తే వచ్చాయనుకుంటాం. మాటివ్వడం మొదటి మెట్టే. రాజ్యాంగం ప్రకారం అసెంబ్లీ ఆమోదం లేకుండా రాష్ట్ర ఖజానాలోంచి రూపాయి కూడా తియ్యకూడదు. మంత్రివర్గం అడుగుతుంది, సభ ఇస్తుంది. ఖర్చయ్యాక కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ అనే స్వతంత్ర అధికారి లెక్కలు తవ్వుతాడు. ఆయన్ని కొలువులోంచి తీసెయ్యడం ముఖ్యమంత్రి వల్లా కాదు, ప్రధాని వల్లా కాదు. సుప్రీంకోర్టు జడ్జిని తొలగించడానికి ఎంత కష్టపడాలో అంత కష్టపడాలి. ఆయన నివేదిక గవర్నరు ద్వారా సభ ముందుకు వస్తుంది. దాన్ని పరిశీలించే ప్రజాపద్దుల కమిటీకి ప్రతిపక్ష సభ్యుడు అధ్యక్షుడుగా ఉండటం ఆనవాయితీ.

ఆసుపత్రి కట్టడం ఒకటి, అందులో డాక్టర్లు, మందులు, యంత్రాలు ఉన్నాయా లేదా అని ఏటా అడుగుతూ ఉండటం ఒకటి. ఆ రెండోది చట్టసభ పని. బడ్జెటు సమావేశాల్లో శాఖలకు శాఖలు చర్చ లేకుండా ఆమోదం పొందేసినప్పుడల్లా నాకు డయాలసిస్ మంచం మీద పడుకున్నవాళ్లే గుర్తొస్తారు.

కోర్టుల మాట ఇప్పుడు. జనానికి కోర్టంటే భయం, కోర్టంటేనే నమ్మకం కూడా. 226వ అధికరణ కింద ఏ మనిషైనా హైకోర్టుకు పోయి ఈ జీవో చట్టానికి విరుద్ధం, దీన్ని కొట్టెయ్యండి అని అడగవచ్చు. 32వ అధికరణ కింద ప్రాథమిక హక్కు కోసం నేరుగా సుప్రీంకోర్టుకే పోవచ్చు. 1973లో కేశవానంద భారతి కేసులో సుప్రీంకోర్టు ఇంకా ముందుకెళ్లింది. పార్లమెంటు రాజ్యాంగాన్ని సవరించవచ్చు గానీ దాని మూల స్వరూపాన్ని చెరపకూడదంది. మరి కోర్టును అదుపు చేసేదెవరు? కోర్టు చేతిలో పోలీసులు లేరు, ఖజానా లేదు. తీర్పును అమలు చేయాల్సింది మళ్లీ ఆ కార్యనిర్వాహక శాఖే. చట్టాన్ని తప్పుగా అర్థం చేశారనిపిస్తే చట్టసభ ఆ చట్టాన్ని సవరించవచ్చు. జడ్జి దుష్ప్రవర్తన రుజువైతే పార్లమెంటు రెండు సభలూ మూడింట రెండొంతుల ఓటుతో తొలగించవచ్చు. జడ్జిల నియామకం మాత్రం ఎక్కువగా జడ్జిల చేతిలోనే ఉంది. ఆ తలుపుకు బయటి నుంచి గొళ్లెం సరిగ్గా లేదన్న విమర్శలో నిజం ఉందనే నేననుకుంటాను.

మూడు చేతులూ ఒకదాన్నొకటి పట్టుకున్న సందర్భం మన రాష్ట్రం ఈ మధ్యనే చూసింది. రాజధాని బిల్లులు 2020 జనవరిలో అసెంబ్లీ దాటి శాసనమండలికి పోతే, మండలి వాటిని సెలెక్టు కమిటీకి పంపింది. వారం తిరక్కుండానే మండలినే రద్దు చేయమని అసెంబ్లీ తీర్మానం చేసింది. మండలిని తీసేసే అధికారం మాత్రం పార్లమెంటుది. అక్కడ ఆ కాగితం కదల్లేదు. 2021 నవంబరులో అసెంబ్లీయే తీర్మానాన్ని వెనక్కి తీసుకుంది. 2022 మార్చి 3న హైకోర్టు రాజధాని మీద తీర్పిస్తే, ప్రభుత్వం సుప్రీంకోర్టుకు పోయింది. ఎవరి పక్షాన ఉన్నవాళ్లకు వాళ్ల కోపాలున్నాయి. ఆ కోపాలన్నిటికీ నడవడానికి దారులున్నాయన్నదే ఇక్కడ చూడాల్సింది.

"ఇన్ని ఉంటే మరి కాకరాపల్లి ఎందుకయ్యింది బాబూ?"

ఈ ప్రశ్న వస్తుందని నాకు ముందే తెలుసు. రాకూడదనీ అనుకున్నాను.

టెక్కలి దగ్గర సంతబొమ్మాళి మండలం. నౌపడ చిత్తడి నేలలు, తంపర భూములు, ఉప్పు మళ్లు, ఏటా పెలికన్‌లు వచ్చి గూళ్లు కట్టే తేలినీలాపురం. అక్కడ ఈస్ట్ కోస్ట్ ఎనర్జీ అనే కంపెనీ ఇంకో 2,640 మెగావాట్ల కేంద్రం తలపెట్టింది. జనం శిబిరం వేసుకుని కూర్చున్నారు. సోంపేట జరిగి ఎనిమిది నెలలైనా నిండలేదు. 2011 ఫిబ్రవరి 28న మళ్లీ కాల్పులు. మళ్లీ ఇద్దరు పోయారు. ఆ తరవాత కేంద్ర పర్యావరణ శాఖ పనులు ఆపమంది. ఆ కేంద్రం పూర్తి కాలేదు. సోంపేట కేంద్రమూ రాలేదు.

ఎందుకు మళ్లీ జరిగింది? మొదటి కారణం, అప్పీలు అథారిటీ గానీ కోర్టు గానీ తన ముందున్న కాగితం మీదే తీర్పు చెబుతుంది. బీల అనుమతి కొట్టేస్తే కాకరాపల్లి అనుమతి దానంతటది పోదు. దానికి వేరే అనుమతి, వేరే అప్పీలు, వేరే వకీలు, వేరే ఖర్చు. సోంపేట పాఠాన్ని కాకరాపల్లికి తానుగా అన్వయించుకోవాల్సింది కార్యనిర్వాహక శాఖ. తూటా తగిలాక గానీ అది మేలుకోలేదు.

రెండో కారణం ఇంకా బాధ పెడుతుంది. తలుపు పెట్టినంత మాత్రాన సరిపోదు, తలుపు వెనక మనిషి ఉండాలి. ఆ అప్పీలు అథారిటీకి అధ్యక్షుడి పదవి ఏళ్ల తరబడి ఖాళీగా ఉండిపోయింది. ఢిల్లీ హైకోర్టు ఆ సంగతి మీద కేంద్రాన్ని మందలించాల్సి వచ్చింది. పార్లమెంటు చట్టం చేసి కాపలాదారును పెట్టమంటే, సర్కారు కాపలా కుర్చీని ఖాళీగా వదిలేసింది. అధికారాన్ని అడ్డుకోవడానికి పెట్టిన చోట్లను అధికారంలో ఉన్నవాళ్లు పగలగొట్టనక్కరలేదు, మనుషుల్ని వెయ్యకుండా ఊరుకుంటే చాలు. సమాచార కమిషన్లు, మానవ హక్కుల కమిషన్లు, హైకోర్టు జడ్జి పోస్టులు, ఎక్కడ ఖాళీ కనిపించినా నేను ముందు అడిగేది ఇదే: ఈ ఖాళీ వల్ల ఎవరికి హాయి? 2010 అక్టోబరులో ఆ అథారిటీ పోయి జాతీయ హరిత ట్రిబ్యునల్ వచ్చింది. దానికి అధ్యక్షుడుగా సుప్రీంకోర్టు జడ్జిగానో హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగానో చేసినవాళ్లే ఉండాలన్నారు. అది మేలైన మార్పు.

మూడోది కాల్పుల లెక్క. పోలీసు కాల్పులు జరిగితే సాధారణంగా ఆర్డీవో స్థాయి అధికారి మేజిస్టీరియల్ విచారణ చేస్తారు. ఆ అధికారి రాయగలడు, కానీ ఆయనా అదే వరసలో మనిషి. ప్రభుత్వం తలుచుకుంటే 1952 చట్టం కింద విచారణ కమిషన్ వేస్తుంది. కమిషన్ సిఫారసు చేస్తుంది, ఆపైన ఏం చేయాలో మళ్లీ ఆ ప్రభుత్వమే తేల్చుకుంటుంది. కాటా వేసినవాడే తగువు తీర్చే పాత పద్ధతి ఇక్కడ ఇంకా మిగిలి ఉంది. గున్నమ్మ ఊరి నుంచి కాకరాపల్లి దాకా డెబ్బై ఏళ్లు. ఆ నడుమ చాలా తలుపులు తెరుచుకున్నాయి. ఈ ఒక్క తలుపు మాత్రం గడియ పడే ఉంది. కాల్పుల మీద విచారణ ప్రతిసారీ జ్యుడీషియల్ అధికారి చేతే జరగాలి, నివేదిక గడువులోగా సభ ముందుకు రావాలి. ఇది అంత పెద్ద కోరికేం కాదు.

ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. చేతిలో పిక్క అలాగే ఉండిపోయింది. తరవాత అంది: "ఆ కాగితం ఒక్క దినం ముందొచ్చుంటే, ఆ ఇద్దరూ బతికుండీవోరు గదా."

బతికుండేవాళ్లు. దానికోసమే స్టే అనే మాట ఉందని చెప్పాను. అప్పీలు తేలేదాకా ఎవరూ అంగుళం కదపకూడదు, యథాతథంగా ఉంచండి అని ఆపే ఉత్తర్వు. తీర్పు నెలలు పట్టవచ్చు, స్టే ఒక్క పూటలో రావచ్చు. హైకోర్టు ఇవ్వగలదు, హరిత ట్రిబ్యునల్ ఇవ్వగలదు. కాకపోతే ఎవరో ఒకరు పోయి అడగాలి. కోర్టు తనంతట తాను బీల గట్టుకు నడిచి రావడం చాలా అరుదు. అప్పీలు పడి ఉండగానే బందోబస్తుతో పని మొదలెట్టడం ఎంత తప్పో సర్కారుకు తోచాలి, తోచకపోతే తోపించేది ఆ స్టే.

"అడగడానికి డబ్బులుండాల గదా."

ఆవిడకు ఉండక్కరలేదు. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా వకీలును ఉచితంగా పెడతారు. షెడ్యూల్డు కులాలు, తెగలవాళ్లకు, తుపానులాంటి విపత్తులో దెబ్బతిన్నవాళ్లకు కూడా. తిత్లీ వచ్చి కొబ్బరి, జీడి తోటలు పడిపోయిన 2018లో ఈ ఊళ్లన్నీ ఆ లెక్కలోకి వచ్చేవే. కోర్టున్న ఊళ్లో మండల న్యాయ సేవల కమిటీ ఉంటుంది. తెల్లకాగితం మీద అర్జీ రాసిచ్చినా తీసుకుంటారు. రాయడం రాకపోతే నోటితో చెప్పినా అక్కడే రాసుకుంటారు.

ఆవిడ మనవరాలు పక్కనే కూర్చుని లెక్కలు చేసుకుంటోంది. ఇంటరు మొదటి ఏడు. "ఆ పేరు రాయమ్మా" అందావిడ. పిల్ల నోటు పుస్తకం వెనక పేజీ తిప్పి నావైపు చూసింది. మండల న్యాయ సేవల కమిటీ, అని మళ్లీ ఒకసారి చెప్పాను. రాసుకుంది. "తెల్లకాగితం చాలా మాస్టారూ, స్టాంపు అక్కర్లేదా?" అని అడిగింది.

అక్కర్లేదన్నాను. అదీ రాసుకుంది.